లైనక్స్ కౌంటర్ డ్రైవర్‌లో (పల్సులు లెక్కపెట్టే పరికరాన్ని నడిపే కోడ్‌లో) కొత్త సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ చేరిస్తే డాక్యుమెంటేషన్ కూడా మార్చాలా?

మార్చాలి; కోడ్ ఎంత చక్కగా పనిచేస్తున్నా, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్ల రూపంలో బయటి ప్రోగ్రాములకు చూపించే చోట) కొత్త ఫైల్ కనిపించిందంటే దాని వివరణ కెర్నల్ సోర్సులో ఏబీఐ (కెర్నల్‌కీ ప్రోగ్రాములకీ మధ్య ఒప్పందం) ఫోల్డర్ కింద ఉండే సిస్‌ఎఫ్‌ఎస్-బస్-కౌంటర్ ఫైల్‌లోకి ఎక్కాల్సిందే. ఎందుకంటే ఆ కొత్త ఫైల్ బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట లాంటిది, జనం వాడటం మొదలుపెట్టాక పేరు గానీ అర్థం గానీ మారిస్తే వాళ్ల ప్రోగ్రాములు దెబ్బతింటాయి.

మోటార్ తిరుగుడును రెండు సిగ్నళ్ల పల్సులుగా మార్చే ఎన్‌కోడర్ ఒకటి, ఒక్కో సిగ్నల్‌లో చుట్టుకు 1000 పల్సులిచ్చేది ఉందనుకోండి. ఎలా లెక్కపెట్టాలో చెప్పే ఫంక్షన్ ఫైల్‌లో 'క్వాడ్రేచర్ ఎక్స్4' అని ఉంటే, రెండు సిగ్నళ్లలో ఎక్కే దిగే ప్రతి అంచునూ లెక్కపెడుతుంది కాబట్టి ఒక్క చుట్టుకే కౌంట్ 4000 కదులుతుంది. ఆ సంగతి ఎక్కడా రాసి లేకపోతే చదివేవాళ్లు మోటార్ నాలుగు చుట్లు తిరిగిందనుకుంటారు, పాపం తప్పు వాళ్లది కాదు.

చాలామంది కోడ్‌లోని హెడర్ ఫైల్‌లో కామెంట్ రాశాం కదా, చాలు అనుకుంటారు. ఆ కామెంట్లు డ్రైవర్ రాసేవాళ్లకి. ఏబీఐ ఫైల్ వాడేవాళ్లకి, అందుకే అందులో ఫైల్ దారి, ఏ కెర్నల్ వెర్షన్ నుంచి ఉంది, ఏం చేస్తుంది అన్నవి ఉంటాయి. ఇప్పటికే వివరించిన కౌంట్, సీలింగ్ (కౌంట్‌కి పై హద్దు) లాంటి ఫైళ్లనే, అదే అర్థంతో మీ డ్రైవర్ వాడుతుంటే మాత్రం ఏబీఐ ఫైల్‌ని ముట్టుకోనక్కర్లేదు.