చేప కూత ఎక్కడ ఆగింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చేపలవే ఎక్కువ. ఒకదానికి జవాబు రాస్తుంటే ఇంకోదానికీ సగం జవాబు వచ్చేస్తోంది, అందుకని అన్నీ ఒకచోట పెట్టేశాను.

ప్రశ్న: మేం ఆరిగన్‌లో హిల్స్‌బరోలో ఉంటాం. రాజమండ్రి నుంచి వచ్చిన నాన్నగారిని కొలంబియా నది మీద బానవిల్ డ్యామ్ చూపించడానికి తీసుకెళ్లాను. అద్దాల కిటికీ అవతల సాల్మన్ చేపలు నిచ్చెన (చేపలు డ్యామ్ దాటడానికి కట్టిన మెట్ల కాలవ) ఎక్కుతుంటే ఆయన గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. పిల్ల చేపల పొట్టలో శబ్దం చేసే పరికరం పెట్టి వదులుతారని అక్కడెవరో చెప్పారు. "శబ్దం ఎందుకురా, జీపీఎస్ పెడితే పోలా?" అన్నారు నాన్నగారు. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

జవాబు: నాన్నగారు అడిగింది సరైన ప్రశ్నే. జీపీఎస్ పనిచేయాలంటే ఉపగ్రహాల నుంచి వచ్చే రేడియో సంకేతం చేప దాకా చేరాలి. అది గాల్లోనే అంతంతమాత్రం, నీళ్లలో దిగిందంటే ఎక్కడికక్కడ ఇంకిపోతుంది. లోతు తక్కువున్న మంచినీటి ఏళ్లలో రేడియో ట్యాగులు (ట్యాగ్ అంటే చేపకు పెట్టే గుర్తు పరికరం) బాగానే పనిచేస్తాయి కానీ లోతైన నదిలో, ఉప్పునీళ్లలో పనికిరావు. శబ్దం అలా కాదు, దానికి నీళ్లంటే పుట్టిల్లు. చిన్నప్పుడు కాలవలో మునిగి, అవతలెక్కడో ఎవడో రెండు రాళ్లు కొడితే చెవి పక్కనే కొట్టినట్టు వినపడటం మీకూ గుర్తుండే ఉంటుంది. గాల్లో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తే నీళ్లలో అంతకు నాలుగు రెట్లు పైనే వెళ్తుంది.

ఇదేమీ కొత్త విద్య కాదు. ఒక్కో చేపనీ శబ్దంతో వెంబడించే పరికరాల మీద ట్రెఫెథెన్ అనే ఆయన అమెరికాలో నివేదిక రాసింది 1956లో. అప్పటి పరికరం పెద్ద సాల్మన్‌కే సరిపోయేది. కొలంబియా మీద అసలు గొడవంతా పిల్ల చేపలది. అవి కొండల్లో పుట్టి సముద్రానికి దిగాలి, స్నేక్ నదిలో పైనుంచి వచ్చేవాటికి మధ్యలో ఎనిమిది పెద్ద డ్యాములు అడ్డం. స్పిల్‌వే (ఎక్కువైన నీళ్లు వదిలే దారి) మీంచి దూకాయా, టర్బైన్లో పడ్డాయా, పక్కదారిన పోయాయా, పోయినవాటిలో ఎన్ని బతికాయి అనేది తెలియాలి. అందుకోసం అక్కడి ఆర్మీ ఇంజినీర్లు, పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలవాళ్లు కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. ట్యాగ్ కూత వేసేది 416.7 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే మన చెవికి అందేదానికి ఇరవై రెట్లు పైన. ఒక్కో ట్యాగ్ కూతకీ ఒక్కో కోడ్ ఉంటుంది కాబట్టి ఏ చేప అరిచిందో తెలిసిపోతుంది. ఆ ట్యాగ్‌ను తగ్గించుకుంటూ వచ్చి చివరికి సూదితో ఎక్కించేంత చేశారు. 15 మిల్లీమీటర్ల పొడవు, మూడున్నర మిల్లీమీటర్ల లోపు మందం, బరువు 0.22 గ్రాములు. మూడు సెకన్లకోసారి కూత వేస్తూ దాదాపు మూడు నెలలు నడుస్తుంది. అందులోనే బ్యాటరీ కూడా ఉందంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

చేప ఎక్కడుందో ఎలా తేలుతుందనేది మీకు బాగా నచ్చుతుంది. డ్యామ్ గోడకు నీళ్లలో వరసగా హైడ్రోఫోన్లు, అంటే నీటి మైకులు, కొన్ని పైన, కొన్ని లోతున బిగిస్తారు. చేప ఒకసారి అరిచింది. ఎడమ మైకుకు వినిపించిన పది మిల్లీసెకన్లకు కుడి మైకుకు వినిపించింది. పది డిగ్రీల చల్లటి నీళ్లలో శబ్దం సెకనుకు 1,447 మీటర్లు వెళ్తుంది, అంటే పది మిల్లీసెకన్లకు పద్నాలుగున్నర మీటర్లు. కాబట్టి చేప కుడిదానికంటే ఎడమదానికి పద్నాలుగున్నర మీటర్లు దగ్గరగా ఉంది. ఈ ఒక్క లెక్కతో చోటు తేలదు, వంపు తెర లాంటి ఒక తలం మీద ఎక్కడో ఉందని మాత్రమే తేలుతుంది. ఇంకో రెండు మైకులు కూడా విన్నాయనుకోండి, అలాంటి తలాలు కలిసేచోటే చేప, లోతుతో సహా. మీ నాన్నగారు అడిగిన జీపీఎస్ లెక్కకి ఇది తోబుట్టువే, తిరగేసి చేస్తారంతే. అక్కడ అరిచేది ఉపగ్రహాలు, వినేది మన ఫోన్. ఇక్కడ అరిచేది చేప, వినేది గోడ.

ఇందులో ఒక చిక్కుంది. గడియారం ఒక్క మిల్లీసెకను తప్పితే చేప మీటరున్నర పక్కకు జరిగిపోతుంది. డ్యామ్ గోడ మీదైతే కేబుళ్లన్నీ ఒకే గడియారానికి కలుపుతారు. నది అడుగున విడిగా పడేసే రిసీవర్లకు (కూత విని రాసుకునే పెట్టెలకు) ఆ సుఖం లేదు, దేని గడియారం దానిదే, రోజులు గడిచేకొద్దీ తలోదారి పడతాయి. అందుకని చోటు ముందే కొలిచి తెలిసిన దగ్గర ఒక ట్యాగ్‌ను కట్టేసి ఉంచుతారు. దాని కూత ఎప్పుడెప్పుడు వినిపించిందో చూసి మిగతా గడియారాలు సరిచేసుకుంటారు. నీళ్లు వేడెక్కితే శబ్దం వేగం కూడా మారిపోతుంది (ఇరవై డిగ్రీలకు 1,482 మీటర్లు), అందుకే ఉష్ణోగ్రత కూడా పక్కనే రాసుకోవాలి.

ప్రశ్న: అంత చిన్న ప్రాణిని కోసి పరికరం పెట్టడం పాపం కాదా? (విజయవాడ నుంచి ఒక గృహిణి)

జవాబు: పాపపుణ్యాలు నాకు వదిలేయకండి గానీ, నొప్పి సంగతి చెప్తాను. మత్తునీళ్లలో ఉంచి, అది ఒళ్లు వదిలాకే పెడతారు. ట్యాగ్ బరువు చేప బరువులో నూటికి రెండు వంతులు దాటకూడదని పాతకాలం నుంచీ ఒక లెక్కుంది. ఆ లెక్కన 0.22 గ్రాముల ట్యాగ్ పెట్టాలంటే చేప కనీసం పదకొండు గ్రాములుండాలి. ఇదేమీ శిలాశాసనం కాదు, దీని మీద వాదనలున్నాయి. ట్యాగ్ పెట్టినవీ పెట్టనివీ తొట్లలో పక్కపక్కన పెంచి, ఎదుగుదలలో తేడా వస్తోందా, ఎక్కువ చస్తున్నాయా అని చూస్తారు.

ఇంకో సంగతి, రోజంతా పొట్టలో మోగుతుంటే చేపకు పిచ్చెక్కదా అంటారేమో, సాల్మన్‌కు అంత పైస్థాయి శబ్దం వినపడదు. కానీ పక్కవాళ్లకు వినపడొచ్చు! సముద్రంలో ఎక్కువగా వాడే ట్యాగులు 69 కిలోహెర్ట్జ్‌వి, అది సీల్ జంతువుల చెవికి అందుతుంది. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంవాళ్లు కుర్ర సీళ్లతో ఒక ప్రయోగం చేసి 2015లో అచ్చువేశారు. కొలనులో వరసగా పెట్టెలు పెట్టి, చేప దాచిన పెట్టెలో ట్యాగ్ కూడా మోగేలా చేస్తే, కొన్నాళ్లకు అవి ఆ కూత పట్టుకుని నేరుగా భోజనం దగ్గరికి వెళ్లడం నేర్చేసుకున్నాయి. బడి గంటకి పిల్లలు మధ్యాహ్న భోజనానికి పరిగెత్తినట్టు. చేప ఎక్కడికి పోతోందో తెలుసుకుందామని పెట్టిన ట్యాగే దాన్ని పట్టిస్తే ఇంక లెక్కలకు విలువేముంది?

ప్రశ్న: కూత ఆగిపోతే చేప చచ్చిపోయినట్టేనా? (వరంగల్ నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: బాబూ, ఈ పనిలో కష్టమంతా నువ్వు అడిగినచోటే ఉంది. వినిపించింది అంటే వినిపించింది. వినిపించలేదు అంటే మాత్రం అర్థాలు పది. చేప రిసీవర్ పక్కనుంచే వెళ్లినా, స్పిల్‌వే కింద నురగలో గాలి బుడగలు కూతను మింగేసి ఉండొచ్చు. రెండు చేపలు ఒక్కసారే అరిచి రెండూ గజిబిజి అయి ఉండొచ్చు. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఏ నీటికాకో ఎత్తుకుపోయి ఉండొచ్చు. కొలంబియా ముఖద్వారంలో ఈస్ట్ శాండ్ దీవి మీద పక్షుల గూళ్ల దగ్గర మట్టి వెతికితే చేపల్లో పెట్టిన చిన్న చిన్న గుర్తు ట్యాగులు వేలకు వేలు దొరికాయి.

మరి దీన్ని లెక్కలోకి ఎలా తెస్తారంటే, నదికి అడ్డంగా ఒక వరస రిసీవర్లు వేసి, దిగువన ఇంకో వరస వేస్తారు. దిగువ వరస వంద చేపల్ని విన్నదనుకో. అవన్నీ పై వరస దాటి వచ్చినవే కదా. వాటిలో తొంభైనే పై వరస విని ఉంటే, పై వరస చెవి నూటికి తొంభై అన్నమాట. కాబట్టి పై వరస మొత్తం 450 చేపల్ని వింటే, నిజంగా దాటినవి దాదాపు 500 అని తీసుకోవచ్చు. చెవిటితనం ఎంతో ముందు కొలిచి, అప్పుడు చావు లెక్క కట్టాలి. ఇది చేయకుండా "ఇన్ని మాయమయ్యాయి, కాబట్టి ఇన్ని చచ్చాయి" అని రాసిన నివేదిక ఎప్పుడైనా కనబడితే అక్కడే పక్కన పెట్టేయ్.

తలకిందులు కూడా ఉంటుంది, చచ్చిన చేప బతికినట్టు కనబడటం. టర్బైన్లో చచ్చిన చేప పొట్టలో ట్యాగ్ మోగుతూనే నీళ్లతో పాటు దిగువకి కొట్టుకుపోయి, మొదటి రిసీవర్‌కు "నేను వచ్చేశా" అని చెప్పేస్తుంది. అందుకని కావాలనే కొన్ని చచ్చిన చేపల్లో ట్యాగ్ పెట్టి వదిలి, అవి ఎంత దూరం పోతాయో చూసి, అంతకంటే దిగువన రిసీవర్లు వేస్తారు. పెద్ద చేప మింగితే ఇంకో తంటా, కూత ఈత కొడుతూనే ఉంటుంది, కాకపోతే అది వేరేవాళ్ల ఈత. దానికీ ఒక ఉపాయం వచ్చింది. మింగిన చేప కడుపులోని ఆమ్లానికి ట్యాగ్ మీది పూత కరిగిపోయి, అక్కణ్ణుంచి కోడ్ మారిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే దాని మీద పెద్ద నిర్ణయాలు నడుస్తాయి. 2008లో అక్కడ ప్రభుత్వం ఒక్కో డ్యామ్ దగ్గర వసంతంలో దిగే పిల్ల చేపలు నూటికి 96, ఎండాకాలంలో దిగేవి 93 బతకాలని లక్ష్యం పెట్టింది. వినడానికి ఘనంగా ఉంది. 96ని ఎనిమిది డ్యాములకి వరసగా గుణించి చూడు, చివరికి మిగిలేది నూటికి 72. మధ్యలో జలాశయాల్లో పెద్ద చేపలు, పక్షులు తినేవి ఇందులో కలపలేదు.

ప్రశ్న: ఇదంతా మన పులసకి చేయొచ్చుగా? ధవళేశ్వరం దాకా ఎన్ని వస్తున్నాయో, మధ్యలో ఎన్ని పోతున్నాయో తేలిపోతుంది. (రావులపాలెం నుంచి)

జవాబు: ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని చూస్తూనే ఉన్నాను. సముద్రంలో ఇలస, గోదావరి ఎర్రనీరు తగిలి ఎదురీదితే పులస. దాని దారి తెలుసుకోవాలని ఎవరికి ఉండదు? చేయొచ్చు, కానీ సాల్మన్‌తో చేసినంత సులువు కాదు. ఆ చేప మహా సుకుమారం, వలలోంచి తీసిన కాసేపటికే పోతుందని మీ ఊళ్లో ఏ పడవవాణ్ణి అడిగినా చెప్తాడు. పొలుసు రాలకుండా పట్టడమే ఒక విద్య, ఇక మత్తిచ్చి, ట్యాగ్ పెట్టి, తేరుకున్నాక వదలడమంటే ముందు పట్టే పద్ధతి నేర్చుకోవాలి.

రెండోది చెవి. పులస షాడ్ చేపల బంధువర్గం. అమెరికాలోని షాడ్ చేప 180 కిలోహెర్ట్జ్ దాకా వినగలదని ప్రయోగాల్లో తేలింది, చేపల్లో ఇది చాలా అరుదు. పులసకు కూడా అలాంటి చెవే ఉంటే 69 కిలోహెర్ట్జ్ ట్యాగ్ పొట్టలో పెట్టడమంటే చెవిలో జోరీగను పెట్టినట్టే. అది బెదిరి వెనక్కి తిరిగితే మనం చూసేది పులస దారి కాదు, బెదిరిన పులస దారి. అందుకని 416.7 లాంటి పైస్థాయి ట్యాగ్ వాడాలి, కానీ స్థాయి పెరిగేకొద్దీ కూత వెళ్లే దూరం తగ్గుతుంది, రిసీవర్లు ఎక్కువ పెట్టాలి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ మూడు పాయల మొగల్లోనూ రెండేసి వరసలు, మళ్లీ బ్యారేజీ కింద రెండు. వరద నీళ్లలో మట్టి, ఇసుక, అడుగున కొట్టుకొచ్చే మొద్దులు. మూడు నెలలు అక్కడ పెట్టిన పెట్టె పెట్టినచోటే ఉంటే గొప్పే. అయినా నన్నడిగితే ముందు మొగల్లో రెండు వరసలూ బ్యారేజీ కింద రెండు వరసలూ వేసి చూడటమే మేలు, మధ్యలో ఎక్కడుందో తర్వాత చూసుకోవచ్చు. ఎన్ని లోపలికి వచ్చాయి, ఎన్ని గోడ దాకా చేరాయి అనేది తేలితే చాలా తేలినట్టే.

మూడోది మనమే. పుస్తెలమ్మైనా పులస తినాలనే చోట ట్యాగ్ పెట్టిన చేప వలలో పడితే, ట్యాగ్ దొరికేది శాస్త్రవేత్తకు కాదు, పులుసులో బెండకాయ ముక్కతో పాటు ఏ అల్లుడుగారి పళ్ల కిందో. నవ్వులాట కాదు, చేపలు పట్టే నదుల్లో ఇలాంటి పని చేసేవాళ్లు ట్యాగ్ తెచ్చిస్తే డబ్బిస్తామని మత్స్యకారులకు ముందే చెప్పి పెట్టుకుంటారు. పులస ఖరీదు ముందు ఆ బహుమతి ఏపాటిదో మీరే చెప్పాలి.

ప్రశ్న: ట్యాగ్ పెట్టిన చేపలకి పేర్లు పెడతారా? (ఆరో తరగతి, గుంటూరు)

జవాబు: చాలావరకు అంకెలేరా బుజ్జీ. కానీ కంబోడియాలో మెకాంగ్ నదిలో 2022 జూన్‌లో ఒక జాలరికి 300 కిలోల టేకు చేప దొరికింది, నాలుగు మీటర్ల పొడవు. అతను దాన్ని కోసి అమ్మకుండా శాస్త్రవేత్తలకు కబురు పెట్టాడు. వాళ్లు వచ్చి, కొలిచి, ఖరీదు కట్టి అతని చేతిలో పెట్టి, ట్యాగ్ పెట్టి మళ్లీ నదిలో వదిలేశారు. అప్పుడు నిండు చంద్రుడు పైకి వస్తున్నాడట, అందుకని దానికి ఊరివాళ్లు 'బొరమీ' అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో పున్నమి అని.