పదిహేనేళ్లకే డిస్క్ అరిగిందంటే భయపడాలా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయికి పదిహేనేళ్లు, పదో తరగతి, బరువు 50 కిలోలు. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేస్తాడు. మూడు నెలలుగా నడుము నొప్పి, బౌలింగ్ చేసిన రోజు ఎక్కువ. కాలికి పాకడం లేదు. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 (నాలుగో, ఐదో నడుము పూసల మధ్య) డిస్క్ అరిగిందని, కొంచెం ఉబ్బిందని రాశారు. మావారికీ చాలా ఏళ్లుగా నడుము నొప్పి ఉంది. నెల రోజులు మంచం దిగవద్దని ఒకరు, బెల్టు పెట్టమని ఒకరు, పుత్తూరు కట్టు కట్టించమని మా అత్తగారు అంటున్నారు. ఆపరేషన్ దాకా వెళుతుందా? వాడితో కలిసి అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాను, ఎక్కించవచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆపరేషన్ ఆలోచనే అక్కరలేదు. ఆ దిగులు ముందు తీసేయండి.

‘అరిగింది’ అన్న మాట మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టినట్టుంది. పెద్దవాళ్ల మోకాళ్లు చూసిన కళ్లతో మనం ఆ మాటను అర్థం చేసుకుంటాం. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ తాటిముంజె లాంటిది: పైన గట్టి పొర, లోపల నీరు నిండిన మెత్తని గుజ్జు. ఆ నీరు కొంత తగ్గితే ఎమ్మారైలో తెల్లగా కనిపించాల్సిన చోటు నల్లగా కనిపిస్తుంది. రిపోర్టులో రాసింది అదే. ఏ నొప్పీ లేకుండా పరుగులు తీసే పిల్లల్లోనూ కొందరికి ఈ మార్పు ఉంటుంది. తరచూ నడుము నొప్పి వచ్చేవారిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుందన్నదీ నిజమే. అయినా ఈ ఒక్క ఫిల్మ్ చూసి నొప్పికి కారణం డిస్కేనని తేల్చలేం. ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది. ఫిన్లండ్‌లో కవలల మీద చేసిన పరిశోధనల్లో అది స్పష్టంగా తేలింది. కాబట్టి బాబును సరిగా కూర్చోబెట్టలేదనో, తిండి సరిగా పెట్టలేదనో మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

నిజానికి నా దృష్టి ఆ డిస్క్ మీద లేదు, బౌలింగ్ మీద ఉంది. బంతి వేసేటప్పుడు నడుము వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, అదే క్షణంలో మెలి తిరుగుతుంది. ఎదిగే వయసులో ఇది రోజూ వందసార్లు జరిగితే వెన్నుపూస వెనుక భాగంలోని సన్నని ఎముక మీద సన్నగా చీలిక రావచ్చు. దీన్ని స్పాండిలోలైసిస్ అంటారు. ఎక్కువగా ఐదో నడుము పూసలో వస్తుంది. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనిపించకపోవచ్చు. ఎమ్మారైలో కూడా ప్రత్యేకంగా వెతకకపోతే తప్పిపోవచ్చు. బాబును నిలబెట్టి మెల్లగా నడుము వెనక్కి వంచమనండి. ముందుకు వంగినప్పటికంటే అప్పుడే నొప్పి ఎక్కువైతే నా అనుమానం బలపడుతుంది. ఆ ఫిల్ములు తీసుకుని మీ ఊళ్లోని బర్డ్ ఆసుపత్రిలో గానీ, స్విమ్స్, రుయా ఆసుపత్రులలో గానీ ఎముకల వైద్యుడికి చూపించి, ‘వాడు ఫాస్ట్ బౌలర్’ అన్న మాట మొదటే చెప్పండి. అంతవరకు బంతి పట్టనివ్వవద్దు. చీలిక ఉందని తేలినా చాలామందికి కొన్ని నెలలు ఆ ఆట ఆపి, వ్యాయామం చేయిస్తే తగ్గిపోతుంది. ఆటే మానేయాలని వాడితో అనకండి. ఆ వయసులో ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధ పెడుతుంది.

ఇక మంచం సంగతి. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. నెల రోజులు పడుకోబెడితే నడుమును నిలబెట్టే కండరాలు నీరసిస్తాయి. డిస్క్‌ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. దానికి కావలసిన పోషకాలు పక్కనున్న పూసల నుంచి ఊరుతూ అందుతాయి. నడక, తేలికపాటి కదలిక దానికి మంచివే. బెల్టును వైద్యుడు చెబితే తప్ప వాడకండి. పుత్తూరు కట్టు మీద మీ అత్తగారికి ఉన్న నమ్మకం నాకు అర్థమవుతుంది, కానీ అది చేయి, కాలు విరిగినవాళ్ల కోసం పేరుపడింది. వెన్నెముక మీద ఎవరినీ లాగనివ్వకండి, తొక్కనివ్వకండి.

పొట్ట, నడుము, తొడ వెనుక కండరాలకు వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. చదువుకునేటప్పుడు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి. పది గంటలు బల్ల ముందు కూర్చోబెట్టే ఈ పదో తరగతి చదువులు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. రాత్రి ఎనిమిది గంటల నిద్ర తగ్గనివ్వకండి. స్కూల్ బ్యాగు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం విధానం తెచ్చింది. మీవాడికి అది ఐదు కిలోలు. అయితే నొప్పి మొత్తం బ్యాగు వల్లే వచ్చిందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి రోజూ వేయకండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఆగవద్దు: నిద్రలోంచి లేపే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదేమీ కాదు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలు నడుము నొప్పి అన్నా తేలిగ్గా తీసుకోకూడదు.

మొక్కు సంగతి: అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఎక్కితే డిస్క్ పాడైపోతుందేమో అన్న భయం వద్దు. కానీ చీలిక ఉందో లేదో తేలేదాకా, నొప్పి తగ్గి వైద్యుడు సరే అనేదాకా ఆగండి. ఈలోగా ఇంటి దగ్గర రోజూ ఇరవై నిమిషాలు మీరిద్దరూ కలిసి నడవండి.