జర్మనీలో ఉంటూ పాత మస్టాంగ్ కొనాలంటే?

1967 ఫోర్డ్ మస్టాంగ్‌ను అమెరికా నుంచి తెప్పించుకోవాలా, జర్మనీలోనే కొనాలా అని అడిగారు. మొదటిసారైతే జర్మనీలోనే కొనండి. ధర కాస్త ఎక్కువైనా, కారు కిందికి వంగి తుప్పు చూసుకోవచ్చు. ఈ కార్లలో ముందు అద్దం కింది భాగం లోపల్లోపలే తుప్పు పట్టి, నీళ్లు కారు లోపలికి కారతాయి. కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చూడండి. ఫొటోల్లో తళతళలాడే పెయింట్ ఇవేవీ చెప్పదు.

తెప్పించుకుంటారా? 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని కస్టమ్స్ వాళ్లు కలెక్టర్ల వస్తువుగా ఒప్పుకుంటే దిగుమతి సుంకం ఉండదు, వ్యాట్ కూడా 19 శాతానికి బదులు 7 శాతమే. ఇష్టమొచ్చినట్టు మార్పులు చేసిన బండికైతే అనుమానమే. ఒరిజినల్ టైటిల్ కాగితం (బండి ఎవరిదో చూపే అమెరికా పత్రం) లేని బండి జోలికి మాత్రం పోకండి, రిజిస్ట్రేషన్ దగ్గర టెన్షన్ తప్పదు. పాతకాలపు బండ్లకు జర్మనీలో ఇచ్చే ‘హెచ్’ నంబర్ ప్లేటు వస్తే ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజినుకైనా రోడ్డు పన్ను ఏడాదికి దాదాపు 191 యూరోలే. పెట్రోలు ఖర్చు వేరే లెక్క!