పోలీసు, ఫైర్ ఒకే రేడియో సిస్టమ్ మీదికి వస్తే చిక్కు ఎక్కడ?

ప్రశ్న ఇది: నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో పోలీసులకూ ఫైర్ వాళ్ళకూ ఒకటే వాకీటాకీ సిస్టమ్ పెడితే ప్రమాదం కాడ నేరుగా మాట్లాడుకోవచ్చు కదా, అడ్డమేంటి?

పెట్టొచ్చు. కానీ ఒకే కంపెనీ సెట్లు కొంటే సరిపోదు, టాక్‌గ్రూపులు, అంటే ఒకరి మాట ఒకరికి వినపడే సెట్ల గుంపులు, కుదరాలె. ఇట్లా అందరూ పంచుకునే సిస్టమ్‌ను ట్రంకింగ్ అంటరు, అందులో ఛానెల్ ఎవరి సొంతమూ కాదు. బటన్ నొక్కితే ఖాళీగా ఉన్న ఛానెల్‌ను సిస్టమే ఇస్తది. పోలీసుకో గ్రూపు, ఫైర్‌కో గ్రూపు, ఇద్దరికీ ఉమ్మడిగా కనీసం రెండు ఉంచండి. ఆ ఉమ్మడి గ్రూపులు అన్ని సెట్లలోనూ నాబ్ మీద ఒకే నంబర్‌లో ఉండాలె. పోలీసు సెట్‌లో 7, ఫైర్ సెట్‌లో 12 అయితే పొగలో గ్లౌజులతో ఎవరూ వెతకలేరు. మాటను బయటోళ్ళకు అర్థం కాకుండా చేసే ఎన్‌క్రిప్షన్ కీ ఒకరి దగ్గర ఉండి ఇంకొకరి దగ్గర లేకపోయినా అంతే, గ్రూపు ఒకటే అయినా మాట వినపడదు.

టెట్రా అనే డిజిటల్ ట్రంకింగ్ పద్ధతిలో 25 కిలోహెర్ట్జ్ క్యారియర్‌కు, అంటే టవర్ వాడే ఒక్కో ఫ్రీక్వెన్సీకి, 4 స్లాట్లు (వంతులు). మొదటి క్యారియర్‌లో ఒకటి కంట్రోల్‌కు పోతే మాటలకు మిగిలేవి మూడే. ఒక గ్రూపు సెట్ ఒక్కటి వేరే టవర్ కింద ఆన్‌లో ఉన్నా, ఆ గ్రూపు మాట్లాడినప్పుడల్లా అక్కడ కూడా ఒక స్లాట్ ఖర్చవుతది. చెర్వుగట్టు జాతర లాంటి రోజున సిస్టమ్ బిజీ అనేది చాలావరకు ఇందుకే. డ్యూటీతో పని లేని సెట్లను ఆ గ్రూపు నుంచి తీసేయించాలె. బటన్ నొక్కి, టోన్ విన్నాకే మాట్లాడాలె. లేకుంటే మొదటి మాట తెగిపోతది. ఆ మొదటి మాటే ఊరి పేరైతే బండి ఎటు పోవాలో తెలియదు.

రేంజ్ లెక్క సులువే. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే వచ్చేది కిలోమీటర్లు. 36 మీటర్ల టవర్‌కు దాదాపు 25, చేతి సెట్‌కు ఇంకో 5. అదీ మధ్యలో గుట్ట అడ్డం లేకుంటేనే. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో మలుపు మలుపుకూ గుట్టే, పైగా అడవి. అక్కడ టెట్రా కంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచే వీహెచ్‌ఎఫ్ కాస్త నయం. పైగా పాత వీహెచ్‌ఎఫ్ సెట్ 5 వాట్లు, టెట్రా చేతి సెట్ మామూలుగా 1 వాట్. సెట్ మీద కనిపించే గీతలు టవర్ సిగ్నల్ మీకు ఎంత అందుతుందో చెప్తయి. మీ మాట టవర్‌కు చేరుతుందని కాదు.

గుట్ట మీది రిపీటర్‌లో (సెట్ల మాటను అందుకుని మళ్ళీ దూరం పంపేది) ముందు చెడేది సెట్ కాదు, కేబుల్. సన్నటి ఆర్‌జీ-58 యాంటెన్నా వైర్ 30 మీటర్లు వేస్తే వీహెచ్‌ఎఫ్‌లో పవర్ పావు వంతే పైకి చేరుతది. హాఫ్ ఇంచ్ ఫీడర్ అనే లావు కేబుల్ వేయండి. కనెక్టర్ మీద తనకు తానే అతుక్కుపోయే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ చుట్టకపోతే ఒక్క వానాకాలానికే నీళ్ళు పడతయి. కోతులు కొరకకుండా కింది భాగం జీఐ పైపులో వేయాలె. కొటేషన్‌లో ఈ పైపు ఎవరూ రాయరు, అడిగి రాయించాలె. బ్యాటరీకి వస్తే, 25 వాట్ల రిపీటర్ మాట్లాడేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు, ఊరకే ఉంటే అర ఆంపియర్ తాగుతది. మూడో వంతు సమయం మాటలు నడిస్తే 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీని సగం దాకే వాడుకుని 16 నుంచి 18 గంటలు లాగొచ్చు. కరెంటు పోయేది గాలివానలోనే, ఫోన్లు ఎక్కువ వచ్చేదీ అప్పుడే.

అసలు చిక్కు లోపలికి దిగే ఫైర్ సిబ్బందితోనే. సెల్లార్లో, గోదాములో టవర్ అందదు. డిజిటల్ సెట్ గరగరమని హెచ్చరించదు, ఉన్నట్టుండి మూగబోతది. అందుకే లోపలి టీమ్ డైరెక్ట్ మోడ్‌లో ఉండాలె, సెట్ నుంచి సెట్‌కు. బయట బండి దగ్గరున్న ఆఫీసర్ ఒక్కరే రెండో సెట్‌తో ఉమ్మడి గ్రూపులో పోలీసులతో మాట్లాడాలె. బండిలో గేట్‌వే సెట్ ఉంటే రెండింటినీ కలపొచ్చు, కానీ రోడ్డు మీది ట్రాఫిక్ మాటలన్నీ లోపలోళ్ళ చెవుల్లో పడతయి. నన్నడిగితే అది ఆఫ్‌లో ఉంచడమే మంచిది.

సొరంగాలకు డైరెక్ట్ మోడ్ కూడా చాలదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలింది ముఖద్వారానికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. అంత లోతుకు, పొడవునా సిగ్నల్‌ను బయటికి వదిలే లీకీ ఫీడర్ కేబుల్ వేసి, మధ్య మధ్యలో యాంప్లిఫయర్లు పెట్టాల్సిందే. అది కూడా పని మొదలైన రోజు నుంచే, తవ్వకంతో పాటే ముందుకు జరగాలె.