బయట పెంచే ఊసరవెల్లికి రాత్రి చలి

చిరంజీవి మేనల్లుడికి, శాన్ డియేగో నుంచి మామయ్య ఆశీస్సులు.

ఫ్రీమాంట్‌లో నీ వెయిల్డ్ ఊసరవెల్లిని పెరట్లో వల పంజరంలో ఉంచుతున్నావనీ, చలికాలం వస్తోంది కనుక రాత్రుళ్లు ఎంతవరకు బయట వదలవచ్చో చెప్పమనీ రాశావు. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల ఆ జాతి, పూర్తిగా ఎదిగి ఆరోగ్యంగా ఉంటే, 50 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు, అంటే 10 సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. మడగాస్కర్ పాంథర్ జాతినైతే నేను 60కి దిగువన బయట ఉంచను. కెన్యా కొండల జాక్సన్ జాతికి చలి రాత్రులే హాయి. ఏ జాతిదైనా పిల్లలనూ, గుడ్లతో ఉన్న ఆడదాన్నీ 65కి తగ్గిందంటే లోపలికి తెచ్చేయాలి.

అయితే ఈ అంకెలు ఒళ్లు పొడిగా ఉండి, మర్నాడు ఎండ కాసినప్పుడే చెల్లుతాయి. ఊసరవెల్లి తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు కనుక, 52 డిగ్రీల పొడి రాత్రి గడిచాక ఉదయం ఎండ కాచుకోగలిగితే తేరుకుంటుంది గానీ, 58 డిగ్రీల ముసురు మూడు రోజులు పట్టిందంటే ఊపిరితిత్తులకు ముప్పే. ఒక నవంబరులో నేను ఆలస్యంగా ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ చీకటి పడ్డాక నా పాంథర్ పంజరంలో నీళ్లు చల్లాను. అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే, రంగు పాలిపోయి, తోక చుట్టుకుని నిద్రపోతున్న దాని వీపు మీద నీటి బొట్లు ఆరకుండా అలాగే ఉన్నాయి. వారం తిరగకముందే తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీయసాగింది, మూతి అంచున బుడగలు వచ్చాయి. సరీసృపాల వైద్యుడు యాంటీబయాటిక్ సూదులు వేసి బతికించాడు. తప్పు మాత్రం నాదే. అప్పటి నుంచి చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటాక నీళ్లు చల్లను. మేత కూడా పొద్దున్నే పెట్టు, తిన్నది అరగడానికి దానికి వేడి కావాలి.

ఫోనులో చూపే ఉష్ణోగ్రత నీ పెరటిది కాదు. మబ్బులేని రాత్రి నేల దగ్గర చలి ఇంకా ఎక్కువ. కనిష్ఠాన్ని గుర్తుంచుకునే థర్మామీటరును అది పడుకునే కొమ్మ పక్కనే కట్టి, పంజరాన్ని నేలకు ఎత్తుగా ఉంచి, గాలి కొట్టే వైపు ప్లాస్టిక్ పట్టా కట్టు, కానీ నాలుగు వైపులా మూయకు. వేడి ఇవ్వవలసి వస్తే వెలుతురు లేని సిరామిక్ హీటరును థర్మోస్టాట్‌తో, వలకు జానెడు పైన వేలాడదీయి. ఎర్ర బల్బులు వద్దు, వాటి వెలుతురుకు దాని నిద్ర చెడుతుంది.

ఎప్పుడైనా తెల్లవారి చల్లబడి కదలక ఉంటే, ఒక్కసారిగా దీపం కింద పెట్టకుండా గదిలో ఉంచి మెల్లగా వెచ్చబడనివ్వు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం ఆ రోజే వైద్యుడికి చూపించు.

ఇట్లు,
మామయ్య