పెద్ద సరస్సు, చిన్న బోటు: గాలి ఎంతుంటే పోవచ్చు?

హాలియా తమ్ముడు ఒకాయన అడిగాడు: "అన్నా, అమెరికాలో, క్లీవ్‌ల్యాండ్‌లో ఉద్యోగం. రూమ్మేట్లం ముగ్గురం కలిసి పద్నాలుగు అడుగుల పాత బోటు కొన్నాం. ఈరీ సరస్సులో వాలై చేపలు పట్టాలని ఆశ. ఫోన్‌లో గాలి గంటకు 15 మైళ్లు అని చూపిస్తే పోవచ్చా? మేలో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లనూ ఎక్కించుకోవచ్చా?"

15 మైళ్లంటే వద్దు తమ్ముడూ. ఎందుకో కూడా చెప్తాను, లేకపోతే రేపు 12 చూపించినప్పుడు మళ్లీ ఫోన్ చేస్తావు.

మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు నీళ్లంటే భయం తక్కువ. సాగర్, డిండి, కోయిల్‌సాగర్, సోమశిల దగ్గర కృష్ణ చూసి పెరిగినవాళ్లం. పుట్టిలో అవతలి ఒడ్డుకు పోయొచ్చినవాళ్లూ మనలో ఉన్నారు. అక్కడైనా గాలి దుమారం లేస్తే పుట్టి తిరగబడుతుంది, కాదనను. కానీ సాగర్ నిండితే నీళ్లు పరుచుకునేది దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. ఈరీ సుమారు 25,700. సాగర్‌లో గుట్టలు అడ్డం, నది వంపులు అడ్డం. ఈరీలో గాలికి అడ్డేమీ లేదు. గాలి నీళ్ల మీద ఎంత దూరం ఆగకుండా వస్తే, ఎంతసేపు వీస్తే, అల అంత లేస్తుంది.

అందుకే గాలి ఎంత అని అడిగే ముందు ఎటు నుంచి అని అడుగు. మీ ఊరు దక్షిణపు ఒడ్డున ఉంది. ఈశాన్యం గాలి అంటే సరస్సు తూర్పు చివరన ఉన్న బఫెలో వైపు నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా నీళ్ల మీదే వచ్చి మీ ఒడ్డుకు కొడుతుంది. ఆ గాలి రాత్రంతా వీచి పొద్దున తగ్గినా అలలు వెంటనే తగ్గవు, కొన్ని గంటలు పడుతుంది. దక్షిణం గాలి కథ వేరు, కొత్తవాళ్లను ముంచేది ఇదే. ఒడ్డు దగ్గర చెట్లు, బిల్డింగుల చాటున నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. లోపలికి పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా ఉంటుంది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయి బోటు తిప్పాక అసలు అల ముఖానికి తగులుతుంది. అప్పుడు ఇంజన్ మొరాయిస్తే ఆ గాలి మిమ్మల్ని అవతలి ఒడ్డున ఉన్న కెనడా వైపు తీసుకుపోతుంది.

ఇంకోటి, ఈరీ లోతు తక్కువ. సగటున 19 మీటర్లే, పడమటి భాగంలో అయితే ఏడు మీటర్ల పైచిలుకు. అందుకని అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండడుగుల అల ఏడెనిమిది సెకన్లకోసారి వస్తే బోటు ఎక్కి దిగుతుంది. అదే మూడు సెకన్లకోసారి వస్తే ముక్కు లేచేలోపు ఇంకోటి లోపల పడుతుంది. అల ఎత్తు అడుగుల్లో ఎంతో, సెకన్లు దానికి కనీసం రెట్టింపు ఉండాలని ఇక్కడివాళ్లు చూసుకుంటారు. అంచనాలో రాసే ఎత్తు కూడా పెద్ద అలల సగటే. మధ్యలో దానికి రెట్టింపుది రావచ్చు.

ఫోన్‌లో ఊరి వాతావరణం చూడటం మానెయ్. అది నేల మీది గాలి, నీళ్ల మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లది ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్ల (తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు) వరకు విడిగా అంచనా ఉంటుంది, అది చదువు. అందులో గాలి నాట్స్‌లో ఉంటుంది. 10 నాట్స్ అంటే గంటకు పదకొండున్నర మైళ్లు. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, అంటే చిన్న బోట్లకిచ్చే హెచ్చరిక, లేదు కదా అని ధీమా వద్దు. గ్రేట్ లేక్స్‌లో (ఈరీ, మిషిగన్ లాంటి ఐదు పెద్ద సరస్సులు) అది ఇచ్చేదే 22 నాట్స్ గాలికి, లేదా నాలుగడుగుల అలలకు. పద్నాలుగు అడుగుల బోటుకు అంతకన్నా చాలా ముందే కష్టకాలం. అసలు హెచ్చరిక ఉన్నా పోయేవాళ్లు పోతారు. 1967 సెప్టెంబర్ 23న మిషిగన్ సరస్సులో ప్లాట్ బే దగ్గర జరిగింది అదే. కోహో సాల్మన్ చేపలు తెగ పడుతున్నాయని చిన్న బోట్లు వందల్లో దిగాయి, గాలి లేచింది, ఏడుగురు పోయారు.

నా లెక్క చెప్తాను, నచ్చితే పాటించు. మీ బోటుకు ఒడ్డుకు కొట్టే గాలి 8 నాట్స్, ఒడ్డు నుంచి లోపలికి పోయేది 10 దాటకూడదు. అల ఒక అడుగు మించకూడదు. సాయంత్రానికి పెరుగుతుందని రాసి ఉంటే పొద్దున ఎంత బాగున్నా దిగను. ర్యాంప్ దగ్గరికి పోయాక కూడా ట్రైలర్ విప్పే ముందు పది నిమిషాలు నిలబడి చూడు. అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే గాలి అప్పటికే 7-10 నాట్స్. ఎటు చూసినా నురగే అంటే పది దాటింది. దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత గీసినట్టు ఉండాలి. రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా కనిపిస్తే లోపల అలలు ఉన్నట్టే. ఇంత దూరం డ్రైవ్ చేసి వచ్చాం కదా అని మాత్రం దిగకండి.

లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే వెయ్యాలి. వెనక ఇంజన్ వైపు వేస్తే చిన్న అలకే బోటు నిండుతుంది. బోట్లలో మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ఒకటి కొనుక్కోండి, ఆపదలో 16వ ఛానల్.

ఇక అమ్మానాన్న. మే మొదట్లో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, పడితే ఈత వచ్చినా మొదటి నిమిషం ఊపిరే అందదు. పది నిమిషాల్లో చేతులు మొద్దుబారుతాయి. మీ నాయన "సాగర్‌లో ఈదినోన్ని, నాకెందుకురా జాకెట్" అంటాడు, రాసిపెట్టుకో. లైఫ్ జాకెట్ వేసుకుంటేనే బోటు అని ఇంట్లోనే చెప్పు. వాళ్లు అప్పటిదాకా ఉంటే జూలైలో, సరస్సులో కాకుండా సాండస్కీ బే లాంటి చాటు నీళ్లలో, గాలి లేని పొద్దున తీసుకుపో. ముందు బోటు వెనక భాగంలో కెపాసిటీ ప్లేటు ఉందేమో చూడు. ఎంతమంది, ఎన్ని పౌండ్లు అన్నది దాని మీదే ఉంటుంది. ఇంజన్, ఐస్ బాక్స్, పెట్రోలు కూడా ఆ బరువులోకే వస్తాయి. కాబట్టి అమ్మానాన్న ఎక్కిన రోజు రూమ్మేట్లిద్దరూ ఒడ్డున కూర్చోవాల్సిందే.