కోవూరు దాటాక చెకింగ్ ఎక్కితే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే పల్లెవెలుగులో టిక్కెట్ లేని కుర్రాడు చెకింగ్‌కి దొరికాడు, సరే. బస్సంతా ఒక్కటై వాణ్ణి దొంగా అని తిట్టిందన్నావే, అది నమ్మలేకపోయాను. మన బస్సుల్లో ఆ మాట అంత తేలిగ్గా రాదయ్యా. "ఎగ్గొట్టాడు" అంటారు, బడి ఎగ్గొట్టినట్టు. కోవూరుకి షేర్ ఆటోలో పోయిన మనిషి దిగీ దిగగానే డబ్బులిస్తాడు. తీసుకునే చెయ్యి ఎదురుగా ఉంటుంది మరి. అదే మనిషి బస్సులో కండక్టరు దగ్గరికొస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తాడు. గవర్నమెంటు బస్సే గదా! ముందు ఆ చూపు రాయి.

టిక్కెట్టే లేనివాడికన్నా స్టేజీ దాటేవాడు కథకు బాగా పనికొస్తాడు. బుచ్చికి, అదే బుచ్చిరెడ్డిపాలేనికి, టిక్కెట్ కొని, బుచ్చి రాగానే కళ్లు మూసుకుని, సంగంలో దిగేవాడు. అర టిక్కెట్ తగాదా కూడా మంచి సరుకే. 5 నుంచి 12 ఏళ్లదాకా అర టిక్కెట్. తల్లి "ఐదు నిండలేదు" అంటే కండక్టరు ఆమెతో వాదించడు, "ఎన్నో క్లాసు నాయనా?" అని పిల్లాణ్ణే అడుగుతాడు.

నీ కథలో ఆడవాళ్లు ఒట్టి చేతులతో కూర్చున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో వాళ్లకు ఛార్జీ లేదు గానీ టిక్కెట్ ఉంది. గుర్తింపు కార్డు చూపించి జీరో టిక్కెట్ తీసుకోవాలి.

అసలు చిక్కు కండక్టరు దగ్గరుంది, నువ్వు దాన్ని తాకనే లేదు. ఇష్యూ అండ్ స్టార్ట్ అని ఒక నియమం. ఎక్కినవాళ్లందరికీ టిక్కెట్లు కొట్టాకే బస్సు కదలాలి. జనం కిక్కిరిసినప్పుడు బస్సు ఆపి కొడుతుంటే ముందునుంచి అరుపులు: "ఇంకెంతసేపు సామీ, పోనీ!" ఆ అరుపులకు తలొగ్గి రైట్ చెబుతాడు. మనుషుల్ని తోసుకుంటూ వెనక్కి పోయేలోపు తర్వాతి స్టేజీ వస్తుంది, కొత్తవాళ్లు ఎక్కుతారు. చెకింగ్ వాళ్లు ఎక్కేది సరిగ్గా అప్పుడే. పోనీ అని అరిచినవాళ్లలో ఒక్కడూ అప్పుడు నోరు విప్పడు.

వాళ్లు ఎక్కాక ఏం జరుగుతుందో కూడా వరసగా చూపించు. టిక్కెట్లు కొట్టే టిమ్ మిషన్ చేతిలోకి తీసుకుంటారు, తలలు లెక్కపెడతారు, ఒక్కొక్కరి టిక్కెట్ చూస్తారు, ఆపైన కండక్టరు సంచిలో డబ్బు. డ్యూటీ ఎక్కేటప్పుడే తన సొంత డబ్బు ఎంతుందో అతను రాసి ఉండాలి. లెక్కకన్నా ఎక్కువున్నా తక్కువున్నా సమాధానం చెప్పుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ టిక్కెట్ లేని ప్రయాణికుడికీ, టిక్కెట్ ఇవ్వని కండక్టరుకూ ఒకే కొలత పెట్టింది, 500 రూపాయల దాకా జరిమానా. కానీ కుర్రాడు జరిమానా కట్టి దిగిపోతాడు. కండక్టరు మీద ఛార్జిషీటు నడుస్తుంది, ఉద్యోగమే పోవచ్చు. పోయిన డబ్బు ఎంత అన్నది కాదు, నమ్మకం పోవడమే ముఖ్యమని సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల్లో ఎన్నోసార్లు చెప్పింది. అందుకే "డబ్బులిచ్చాను, ఆయనే టిక్కెట్ ఇయ్యలేదు" అని కుర్రాడు ఆడిన అబద్ధం నీ కథలో అన్నిటికన్నా బరువైన మాట. దాన్ని నువ్వు ఒక్క పంక్తిలో దాటేశావు. నాకు బాధేసింది అక్కడే.

దామరమడుగు దగ్గర్నుంచి తిరగరాయి. తిట్లు తీసెయ్. పక్క సీట్లో జీరో టిక్కెట్ మడిచి గాజుల సందున దోపుకున్న పెద్దామెను కూర్చోబెట్టు. కుర్రాడు డబ్బులివ్వకపోవడం ఆమె కళ్లారా చూసింది. చెకింగ్ ఆయన "మీరు చూశారా అమ్మా?" అని అడుగుతాడు. బస్సు బుచ్చి చేరేలోపు ఆమె ఏమందో నాకు రాసి పంపు.